వంశవృక్షమున వ్రాయని కొమ్మ

మా యింట జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసము నారంభించుచున్నాము. గడచిన సంక్రాంతికి ముందు మా ఆడుబిడ్డ కూతునకు వెండిపట్టీలు చేయింపవలెనని మా అత్తగారు తమ పాతపెట్టె తెఱచిరి. అరిగిన మెట్టెలు, మూతలేని కుంకుమభరిణె, జత పోయిన కడియము, వీని నడుమ గుండ్రని బిళ్ళ యొకటి బయటపడినది. దాని యొకవైపున రాజుగారి ముఖము, రెండవవైపున గుఱ్ఱమెక్కిన రౌతు, ఆ రౌతునకు ఇరుప్రక్కల 1914, 1918 అను అంకెలు. కంసాలి దానిని తక్కెడలో వేసి, "మేలైన వెండి తల్లీ! ఇంచుమించు మూడు తులములున్నది. ఇది కలిపితే వేరే వెండి కొన నక్కఱలేదు" అనెను. మఱల దానిని చేతబట్టి అంచు త్రిప్పి చూచి, "దీని చుట్టును అక్షరములున్నవే. కరగించమందురా?" అని అడిగెను.

మా అత్తగారు కొంచెము సేపు పలుకలేదు. పిదప, "అది మా సిపాయవ్వది. ఇప్పటికి ఉంచు ఆచారీ" అనిరి.

ఆ వారముననే మా చిన్నవాడు బడిలో చూపుటకై వంశవృక్షమును వ్రాయుచుండెను. వాడు వెంటనే కాగితము దెచ్చి, "సిపాయవ్వ మన చెట్టులో ఎక్కడ నున్నది?" అని అడిగెను. వాని ప్రశ్నకు ఇంటిలో ఎవ్వరమును సమాధానము చెప్పలేకపోతిమి. ఏలననగా, ఆమె ఆ చెట్టులో లేదు. ఆమె భర్తయును లేడు. తండ్రి, తాత, ముత్తాత, వారి కొడుకులు, ఆ కొడుకుల కొడుకులు, ఇట్లు వ్రాయు చెట్టులో సంతానము లేక పోయినవానికి కొమ్మ ఉండదు. ఆడువారి పుట్టినింటివారికి అసలే చోటుండదు.

ఆ రాత్రి మా అత్తగారు చెప్పిన కథ ఇది. సిపాయవ్వ వారి తాతగారి అన్నకు భార్య. రాజంపేట చుట్టుప్రక్కల మెట్టభూములు వానదేవుని నమ్ముకొన్నవి గదా! వరుసగా వానలు తప్పగా, బావులు త్రవ్వుటలో నేర్పరియైన ఆ పెద్దకొడుకు ఒకనాడు రైలెక్కి బెంగుళూరు పోయి దండులో చేరెను. అప్పటి కామెకు పదునాలుగేండ్లు. కొన్ని మాసములు మనియార్డరులు వచ్చినవి. తరువాత అవి నిలిచిపోయి ఇంగ్లీషున వ్రాసిన జాబు వచ్చినది. ఆచూకీ తెలియలేదని దాని భావమట. చనిపోయెనని అందు లేదు, బ్రదికియున్నాడనియు లేదు. మఱి కొన్ని యేండ్లకు ఈ వెండిబిళ్ళ తపాలులో వచ్చినది.

ఇక ఆమె పాట్లు వినుడు. శవము లేదు, తిథి లేదు. అందుచేత ఆమె పసుపుకుంకుమలు తీయ నిరాకరించినది. పుట్టినింటివారు ఆమె పక్షము, అత్తింటివారు వేఱొక పక్షము. ముత్తైదువయని పేరంటమునకు పిలుచువారు లేరు, విధవయని తేల్చి చెప్పగలవారును లేరు. అట్లే అరువదేండ్లకు పైగా బ్రదికి, మా అత్తగారికి పదునెనిమిదేండ్లు వచ్చిన పిమ్మట కన్ను మూసినది. "పిల్లలము ఆమెను చూచి నవ్వెడివారము. సాయంకాలపు బండి కూతవేయగానే వీధి అరుగుమీదికి వచ్చి నిలుచుండెడిది. నేనును నవ్వితిని" అని మా అత్తగారు కన్నుల నీరు పెట్టుకొనిరి. లక్ష్మణుని వెంట అడవికి పోక ఇంట నిలిచిపోయిన ఊర్మిళమ్మ పదునాలుగేండ్ల నిద్రను మన స్త్రీలు తరతరములుగా పాటకట్టి పాడుకొనుచున్నారు. సిపాయవ్వ నిద్రపోలేదు. ఆమె మగడు తిరిగి రాలేదు. ఆమెకు పాట లేదు.

మఱునాడు మావారు భూతద్దము పెట్టి ఆ బిళ్ళ అంచును చదివిరి. మొదట నొక సంఖ్య, దానివెంట శాపరు అను హోదా, సగము అరిగిన పేరు, చివర దళమును దెలుపు పొడి అక్షరములు. అవి విక్టోరియా రాణి పేర వెలసిన రెండవ శాపర్లు, మైనర్ల దళమును సూచించునవి. 1780లో పుట్టిన మదరాసు శాపర్లకు ఆనాటి సర్కారు పేరు అది. నేడు బెంగుళూరున మదరాసు ఇంజనీరు గ్రూపు అను పేర నున్నది ఆ దళమే. నదులపై వంతెనలు కట్టుట, బాటలు వేయుట, కందకములు త్రవ్వుట, సేనకు త్రాగునీరు సమకూర్చుట వారి పనులు. మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాకు దేశములో, 1914 మొదలు 1918 వఱకు జరిగిన పోరులో ఆ దళము పనిచేసినది. నీటికై రాతినేలను త్రవ్వుట నేర్చిన మన సీమవానిని వారు ఏల చేర్చుకొనిరో మాకు అప్పుడు బోధపడినది.

సోదరీమణులారా! అరువదేండ్లు ఒక స్త్రీ పెట్టెయడుగున దాచిన ఆ మూడు తులముల వెండి యొక్కటియే ఆ మనుష్యుడు పుట్టి, పేరు పెట్టబడి, పోయినాడనుటకు మా యింట మిగిలిన సాక్ష్యము. అది ఆ పూట మూసలో పడియున్నచో పట్టీలు వచ్చియుండును గాని, మనుష్యుడు రెండవమాఱు చచ్చియుండును. ఇట్టి పతకములు ఎన్ని యిండ్లలో కడియములుగా, గజ్జెలుగా మాఱిపోయినవో గదా!

యోధులను మఱచుట మన జాతికి సహజగుణము కాదు. మన రాయలసీమ పల్లెల పొలిమేరలలో వీరగల్లులు చూడని వారుండరు. రాతిపై అడుగున యుద్ధము, నడుమ అప్సరసలు వీరుని గొనిపోవుట, పైన అతడు శివుని చెంత నుండుట, ఇట్లు మెట్లు మెట్లుగా చెక్కుదురు. ఆవుల మందను కాపాడి చచ్చిన సామాన్యునికిగూడ ఊరివారు రాయి నిలిపిరి. పలనాటిలోని కారెంపూడిలో ప్రతి సంవత్సరమును కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు వీరుల ఉత్సవము జరుగును. పండ్రెండవ శతాబ్దిలో పోరాడినవారి వంశములవారము మేమని చెప్పుకొనువారు తమ పూర్వుల ఆయుధములను గొనివచ్చి నాగులేటి యొడ్డున కడిగి పూజింతురు. ఇన్ని వందల యేండ్ల పిమ్మటను తాము ఏ వీరుని యింటివారమో వారెఱుగుదురు.

మఱి నూఱేండ్లనాటి సిపాయిని మనమేల మఱచితిమి? కారణము లరసి చూతము.

మొదటిది, వారు దూరదేశమున పోయిరి. ఆ మొదటి ప్రపంచయుద్ధమున భారతదేశమునుండి ఇంచుమించు 13 లక్షలమంది పనిచేయగా, 74 వేలమంది మరణించిరి. రెండవ ప్రపంచయుద్ధమున సేనలో చేరినవారు 25 లక్షలు, మరణించినవారు 87 వేలు. సైనికులనగానే పంజాబువారని మనము తలంతుము. మొదటి యుద్ధమునకు మదరాసు రాజధాని యొక్కటియే 51 వేలకు పైగా సిపాయిలను, వారుగాక 41 వేలకు పైగా ఆయుధము పట్టని పనివారిని పంపినది. కంచరగాడిదలను తోలినవారు, నీరు మోసినవారు, వంటలు చేసినవారు, రోగులను ఎత్తినవారు ఈ రెండవ లెక్కలోనివారు. కూలిదళములవారికి వెండి పతకము ఈయలేదు. అదే బిళ్ళను కంచుతో పోసి యిచ్చిరి. కావున మీ యింట కంచుబిళ్ళ దొరికినచో చులకన చేయకుడు. తుపాకి పట్టనివాడును ఆ యెడారి యెండనే తిన్నాడు.

రెండవది, కొలిపించినవారే వారి పేర్లు చెక్కలేదు. ఇరాకులోని బస్రా స్మారకమున భారతీయులలో అధికారుల పేర్లు మాత్రము చెక్కి, సామాన్య సిపాయిలను దళమునకు ఇంతమంది యని సంఖ్యగా చూపిరి. తమిళదేశపు పల్లెలలో ఆనాడు నిలిపిన ఫలకములను చూచినను ఇదే తీరు. ఈ గ్రామమునుండి ఇంతమంది యుద్ధమునకు పోయిరి, అందు ఇంతమంది ప్రాణములిచ్చిరి అని మాత్రముండును. యుద్ధమృతుల సమాధులను కాచుటకై 1917లో స్థాపింపబడి నేడు కామన్వెల్తు పేర పిలువబడు సంఘము 2021లో ఈ విషయమును విచారణ చేయించి, భారతీయులు, ఆఫ్రికావారు మున్నగువారిలో 45 వేలు మొదలు 54 వేలవఱకు సరిసమానముగా స్మరింపబడలేదనియు, ఇంకను లక్షా పదునాఱువేలకు తక్కువకాని మందికి పేరుతో స్మరణ లేదనియు, కొందఱికి అసలు స్మరణయే లేదనియు ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. ఊరి పొలిమేరలో ఆవులమందకై చచ్చినవానికి రూపముతోడి రాయి నిలిచిన దేశమున, సముద్రముల కావల చచ్చినవానికి అంకె మాత్రమే దక్కినది.

మూడవది మన మనస్సులోనిది. "పరాయి దొరల కొలువులో చచ్చినవానిని తలచుట యేల?" అని స్వరాజ్యము వచ్చిన పిమ్మట అనేకులు అనుకొనిరి. ఈ మాటను తేలికగా త్రోసివేయ తగదు. ఆ యుద్ధములు మనవి కావు. ఐనను ఒక మాట యోచింపుడు. 1914లో సిపాయి జీతము నెలకు పదునొకండు రూపాయలు. 1876 మొదలు 1878 వఱకు కడప, కర్నూలు, బళ్ళారి సీమలను పీడించిన కఱవు కథలను వినుచు పెరిగిన బిడ్డలు వారు. ఆ పదునొకండు రూపాయలతో ఇంట పొయ్యి వెలిగినది. ఆ యింటి అన్నము తిన్నవారి సంతానము నేడు ఆ పేరు పలుకుటకు సిగ్గుపడుట న్యాయము కాదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా చెఱబడిన భారత సైనికులలో ననేకులు ఆజాదు హిందు ఫౌజున చేరిరి, మఱి యనేకులు చేరక చెఱసాలలోనే నిలిచిరి. ఒకే యింటి అన్నదమ్ములు చెఱియొక దారి పోయియుండవచ్చును. తలచుకొనుట యనగా పొగడుట కాదు, ఏ జెండా క్రింద నిలిచెనో తీర్పు చెప్పుటయును కాదు. వీడు మావాడు, ఇట్లు పోయినాడు అని నిజము చెప్పుటయే.

తెలుగునాట ఈ స్మరణను విడువని యూరును ఒకటి చెప్పెదము. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెము చెంత మాధవరము కలదు. దానిని మిలిటరీ మాధవరమని పిలుతురు. మొదటి యుద్ధమునకు 90 మంది, రెండవ యుద్ధమునకు 1,110 మంది తమ యూరినుండి పోయిరని ఆ గ్రామస్థులు చెప్పుకొందురు. అచ్చట స్మారకస్తంభము కలదు. నేటికిని ఇంటికొకరుగా సేనలో చేరు ఇండ్లున్నవి. అచ్చట తాత పేరు అడిగిన పిల్లవాడు వెంటనే చెప్పును. ఏలననగా ఊరంతయు కలిసి మఱవకుండ నిశ్చయించుకొన్నది. మనకు ఊరు లేకున్నను ఇల్లున్నది గదా!

ఇంటిలో ఈ పని ఎవరిదనగా, ముమ్మాటికిని స్త్రీలదే యని మా అభిప్రాయము. భారతమున స్త్రీపర్వమును చదివినవారికి జ్ఞప్తి యుండును. యుద్ధము ముగిసినది. ధర్మరాజు గంగాతీరమున చచ్చినవారికి తర్పణములు విడువ సిద్ధపడుచున్నాడు. కర్ణుని తమవాడని పాండవులలో నెవ్వరు నెఱుగరు. అప్పుడు కుంతి ముందునకు వచ్చి, "అతడు మీ యన్న, అతనికిని నీళ్ళు విడువుము" అని బయటపెట్టినది. ఎవరి చెట్టులోను లేని కొమ్మను చెట్టున చేర్చినది ఆ తల్లి నోటిమాట. ఇంత కాలము దాచితివేమని క్రుద్ధుడై, ఆడువారి కడుపున రహస్యము నిలువకుండుగాక యని ధర్మరాజు శపించెను. ఈ యొక్క విషయమున ఆ శాపము మనకు వరమగుగాక! తెలిసిన పేరును దాచక బయటపెట్టుదము.

ఇక ఎట్లు చేయవలెనో, మేము పడిన శ్రమనుబట్టి కొన్ని సంగతులు తెలుపుచున్నాము.

పాత వెండిని కంసాలి కిచ్చుటకు ముందు ప్రతి బిళ్ళ అంచును వెలుతురున చూడుడు. మొదటి యుద్ధపు పతకములకు అంచుననే సంఖ్య, హోదా, పేరు, దళము ముద్రింపబడి యుండును. చింతపండుతోను, బూడిదతోను రుద్ది తోమకుడు, అక్షరములే పోవును. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఆ యక్షరములను ఉన్నవి ఉన్నట్లు కాగితమున వ్రాసికొనుడు. పేరుకంటె సంఖ్యయే ముఖ్యము. ఒకే పేరు గలవారు ఆ దళమున పదిమంది యుందురు. దళము తెలిసిన పిమ్మట ఆ సంఖ్య ఒక్కనినే పట్టి యిచ్చును.

పెట్టెలలోని కాగితములు, అనగా సేననుండి విడుదలైన పత్రము, పింఛను పుస్తకము, మనియార్డరు ముక్క, ఛాయాపటము వెనుకనున్న వ్రాత, ఇవి చెదలపాలు కాకుండ చూడుడు. ఛాయాపటమున భుజముమీది గుర్తును, తలపాగ తీరును బట్టి దళము నెఱిగిన వారు చెప్పగలరు.

పైన చెప్పిన సమాధుల సంఘమువారి జాబితాలను నేడు ఇంటనుండియే అంతర్జాలమున వెదకవచ్చును. పేరుతోను, దళముతోను, దేశముతోను వెదకుటకు వీలున్నది. ముఖ్యముగా రెండవ యుద్ధమున పోయినవారి పేరుల చెంత పెక్కింట తండ్రి పేరు, ఊరిపేరు, ఫలానా ఆమెకు భర్త యని భార్య పేరు గూడ వ్రాసియుందురు. మన వంశవృక్షములలో చోటు దొరకని ఆడువారి పేర్లు ఆ యుద్ధపు పట్టికలలో నున్నవి! ఇంగ్లీషున మన పేర్లను వారు పలువిధముల వ్రాసిరి కావున, ఒక విధమున దొరకనిచో ఇంకొక విధమున వెదకుడు. ఓపిక పట్టవలెను. పంజాబునుండి పోయిన 3,20,000 మంది వివరములుగల పట్టికలు లాహోరు వస్తుప్రదర్శనశాలలో ఇంచుమించు నూఱేండ్లు ఎవరును విప్పక పడియుండి, 2021లో లోకమునకు వెల్లడియైనవి.

అన్నింటికంటె త్వరగా చేయవలసినది మఱియొకటి. ముసలివారిని అడుగుడు. కాగితము పదియేండ్లు ఆగును, మనిషి ఆగడు. "యుద్ధములో ఏమి జరిగినది?" అని అడిగినచో ఎవరును చెప్పరు. ఇంటిపనులలో నుండగా మెల్లగా అడుగవలెను. మనియార్డరు ఎంత వచ్చెడిది? జాబును ఎవరు చదివి వినిపించిరి? ఆయన పోయిననాడు ఇంట ఏమి వండిరి? ఇట్టి ప్రశ్నలకే మా అత్తగారు జవాబు చెప్పిరి. మీరు విన్నదానిని ఆ రాత్రియే తేదీ వేసి వ్రాసి పెట్టుడు.

పోయినవారినే కాదు, ఉన్నవారినిగూడ మఱవరాదు. 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధములలోను, 1999లో కార్గిలులోను పోరాడినవారు మన యిండ్లలో తాతలుగా, మామలుగా, అన్నలుగా నున్నారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ నగరమున వెలసిన జాతీయ యుద్ధస్మారకమున, స్వాతంత్ర్యానంతరము ప్రాణములిచ్చిన 25 వేలకు పైబడినవారి పేర్లు ఒక్కొక్కటిగా చెక్కియున్నవి. అంకె పోయి పేరు వచ్చినది, సంతోషము. కాని ఆ గోడమీదికి ఎక్కనివారు, బ్రదికి వచ్చి కాలు కుంటుచు పొలము దున్నుకొన్నవారు, వారి కథ ఇంటివారు వ్రాయకున్న ఇంకెవరు వ్రాయుదురు? అట్టివారి భార్యలకు పింఛను చిక్కులున్నచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున అడుగవచ్చునని ఇరుగుపొరుగు వారికి చెప్పుటయు స్మరణలో భాగమే.

మా యింటి సంగతి ముగించెదము. పట్టీలకు వేఱే వెండి కొంటిమి. బిళ్ళ పెట్టెలోనే యున్నది. దాని ప్రక్కన దాని కథ వ్రాసిన కాగితమున్నది. మా చిన్నవాని వంశవృక్షము మాత్రము చిక్కైనది. అమ్మమ్మల, జేజమ్మల పుట్టినిండ్లను గూడ చేర్చుసరికి ఒక చెట్టు రెండై, రెండు నాలుగై, కాగితము చాలక మఱియొక కాగితము అంటింపవలసి వచ్చెను. ఆ రెండవ కాగితము అంచున, ఆకులు లేని యొక చిన్న కొమ్మపై ఆయన పేరును, ప్రక్కన ఆమె పేరును వ్రాసితిమి. ఆమె అసలు పేరు మా అత్తగారికిని వెంటనే రాలేదు. రెండు దినములు తలచి తలచి, మూడవనాడు వంటయింట తిరుగమోత వేయుచు చటుక్కున చెప్పిరి. సిపాయవ్వ అనునది ఆమె పేరు కాదు గదా! నూఱేండ్లు ఆమె పేరుకూడ ఆయన వెంటనే పోయినది.

తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు నీళ్ళు విడుచుట మన సంప్రదాయము. ఈ యేడు ఆ దినమున మావారు తమ పితరులతోపాటు ఆ శాపరు పేరును పలికిరి. మా అత్తగారు ప్రక్కన నిలుచుండి, "ఆమె పేరుకూడ చెప్పు నాయనా" అనిరి. ఆయన చెప్పిరి.

సోదరీమణులారా! మీ పెట్టెలనుగూడ ఒకసారి తెఱచి చూడుడు.